ఒక్క ఫ్యూజు కింద ఏడు గుర్రాలు

మా లాయం మొదట్లో పట్టుపురుగుల షెడ్డు. కోలారు జిల్లాలో బంగారుపేట నుంచి బూదికోటకి పోయే దారిలో, రోడ్డుకి కొంచెం లోపలగా, మా మామిడితోటకీ రాగిచేనుకీ మధ్యన ఉంది. వరసగా రెండు పంటలు పురుగులకు రోగం తగిలాక నా భర్త ఆ పని మానేశాడు. మల్బరీ పీకించి పచ్చగడ్డి పెంచాడు. బెంగళూరు పక్కన గుర్రాలు పెట్టుకున్నవాళ్ళకు ఆ గడ్డిని టెంపోలో తీసుకెళ్ళి అమ్మేవాడు. అలా పోయి వస్తుండగా ఒకాయన, మీ దగ్గర చోటుంటే మా ముసలి గుర్రాన్ని ఒక ఆరు నెలలు చూసుకుంటారా అని అడిగాడు. ఆ ఆరు నెలలు మూడేళ్ళయ్యాయి. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి వచ్చి, నేను చెప్పబోయే ఎండాకాలానికి షెడ్డులో ఏడు గుర్రాలుండేవి.

నేను ఆవుల మధ్య పెరిగినదాన్ని. మొదటి నెల గుర్రానికి నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయేదాన్ని. కోపమొస్తే గుర్రం ముందుగా చెవులు వెనక్కి పెడుతుందన్న సంగతి, తొడ మీద ఒక దెబ్బ తిన్నాక గానీ నాకు తెలియలేదు. తర్వాత అలవాటైంది. దాణా పెట్టడం, పేడ ఎత్తడం, తోమడం, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం, అన్నీ నేనూ నా భర్తే చేసుకునేవాళ్ళం.

ఇంటికీ షెడ్డుకీ కలిపి ఒకటే కరెంటు. ఇంటి గోడకున్న మీటరు నుంచి ఒక తీగ వంటింటికి, ఒక తీగ షెడ్డుకి పోతుంది. రెంటికీ ముందు ఉన్న పింగాణీ ఫ్యూజు ఒక్కటే. పొలాల్లో లైను కాబట్టి మూడు ఫేజులు రోజులో కొన్ని గంటలే ఉంటాయి. ఆ గంటల్లో బోరు మోటారు వేసి, నేలలో కట్టిన సంపు నింపుకుంటాం. తక్కిన వేళల్లో సింగిల్ ఫేజు. పట్టుపురుగులున్నప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు తప్ప దానికి పనిలేదు. గుర్రాలు వచ్చాక వాటి యజమానుల సామాన్లు కూడా వచ్చాయి. ఒక్కో గది ముందు ఒక స్టాండు ఫ్యాను. ఈగల్ని చంపే నీలం దీపాలు. వెంట్రుకలు కత్తిరించే మిషను. మందులు పెట్టుకునే చిన్న ఫ్రిజ్జు. లోడు పెంచమని కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాం. మీ ట్రాన్స్‌ఫార్మరు మీద ఇప్పటికే మోటార్లు ఎక్కువున్నాయి, కొత్తది వేసేదాకా ఆగాలన్నారు. ఆగాం. మధ్యలో నా భర్త ఒక జనరేటరు బాడుగకి తెచ్చాడు. దాన్ని మొదలుపెట్టగానే ఒక ఆడగుర్రం బెదిరి, తలుపు పలకను తన్ని విరగ్గొట్టింది. ఆ సాయంత్రమే జనరేటరును వెనక్కి పంపేశాం.

గుర్రాల యజమానుల్లో చాలామంది బెంగళూరువాళ్ళు. ఆదివారం వచ్చి, ఫోటోలు తీసుకుని, వెళ్ళిపోయేవాళ్ళు. రోజూ వచ్చేవాళ్ళు ఇద్దరే.

ఒకాయన బంగారుపేట బజారులో రాగులు, వేరుశెనగలు కొని అమ్మే వ్యాపారి. ఆయనవి రెండు తెల్లటి ఆడగుర్రాలు. చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపులో గుర్రం ఎక్కించమని ఏడిస్తే వాళ్ళ నాన్న ఎక్కించలేదట. యాభై దాటాక తనే రెండు కొనుక్కున్నాడు. ఎక్కేవాడు మాత్రం కాదు, నడుమునొప్పి. మధ్యాహ్నం కొట్టు మూసేసి ఎలక్ట్రిక్ స్కూటరు మీద వచ్చేవాడు. వాటిని "పిల్లలు" అనేవాడు. ఆ పిల్లలకు క్యారెట్లు తినిపించి, బకెట్లో హీటరు కడ్డీ పెట్టి నీళ్ళు గోరువెచ్చగా చేసి, వాటి కాళ్ళు తన చేత్తో కడిగేవాడు. తర్వాత స్కూటరును ప్లగ్గుకి తగిలించి, తోటలో మంచం మీద కునుకు తీసి, చల్లబడ్డాక వెళ్ళేవాడు.

రెండో మనిషి ఆరోగ్యకేంద్రంలో నర్సు. నలభై ఏళ్ళుంటాయి, ఒక్కతే ఉంటుంది. మేము సిస్టరమ్మా అని పిలిచేవాళ్ళం. ఆమెది పందేల్లో పరిగెత్తిన ఎర్ర గుర్రం. ముందుకాలు దెబ్బతిని ఇక పనికిరాదని తేలాక, ఎవరైనా తీసుకుపోతే ఇచ్చేస్తామన్నారట. ఎందుకు తెచ్చుకున్నావమ్మా అని నేనొకసారి అడిగాను.

"వార్డులో ఎవురూ చూసేదానికి రాని పేషెంటు మాదిరి నిలబడుకోని ఉండింది అక్కా" అంది.

ఆ గుర్రానికి ఒక లోపముంది. దానికి చెమట పట్టదు. మామూలు గుర్రం ఎండలో నాలుగడుగులు వేస్తే మెడా డొక్కలూ తడిసి నల్లబడతాయి. ఇది పొడిగా ఉండేది. ఎండ ముదిరేకొద్దీ ముక్కుపుటాలు పెద్దవి చేసి, డొక్కలెగరేస్తూ ఊపిరి తీసేది. వేడి దేశాలకు వచ్చిన కొన్ని గుర్రాలకు ఇలా అవుతుందని, గాలీ చల్లటి నీళ్ళూ తప్ప దీనికి పెద్దగా మందు లేదని పశువుల డాక్టరు చెప్పాడు. అందుకని సిస్టరమ్మ పొద్దున తొమ్మిదికి వచ్చి, దాన్ని తడిపి, ఫ్యాను వేసి డ్యూటీకి పోయేది. పొద్దు వాలేదాకా ఆ ఫ్యాను తిరుగుతూనే ఉండేది.

ఉగాది దాటాక ఎండలు ముదిరాయి. షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. అందరి ఫ్యాన్లూ ఒకేసారి తిరిగేసరికి రోజూ ఫ్యూజు పోవడం మొదలైంది. పోయినప్పుడల్లా నా భర్త కొత్త తీగ చుట్టి, ఎర్ర గుర్రం ఫ్యాను తప్ప తక్కినవి ఆపేవాడు. ఒక మధ్యాహ్నం వ్యాపారి నన్ను పిలిచి షెడ్డులో నిలబెట్టాడు. ఆ రోజు సెలవు కాబట్టి సిస్టరమ్మ కూడా అక్కడే ఉంది.

"అక్కా, ఆ ఎర్రదానికి పొద్దంతా ఫ్యాను తిరగతానే ఉండాది. మా పిల్లలు ఈగలు తోలుకోని తోలుకోని తోకలు నొప్పి పుట్టి నిలబడుండాయి. ఇదేం న్యాయం?"

"దానికి చెమట పట్టదన్నా. వేడి లోపలే నిలిచిపోతాది" అంది సిస్టరమ్మ.

"చెమట పట్టకపోతే మంచిదే గదమ్మా. కొట్లో మేము చెమటతోనే గదా సస్తా ఉండేది."

నాకు నవ్వొచ్చింది. సిస్టరమ్మ నవ్వలేదు. ఆయన హేళనకి అనలేదు, నిజంగానే అలా అనుకున్నాడు. అప్పటికి నాకూ ఆ జబ్బు సంగతి పూర్తిగా అర్థమైందని చెప్పలేను. పక్క గుర్రాలు చెమటలు కక్కుతూ ఉంటే పొడిగా నిలబడ్డ గుర్రమే అన్నిటికంటే సుఖంగా ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది.

తీర్పు నేను చెప్పాలి. మా ఇంట్లో నలుగురు పిల్లలం. ఏది వచ్చినా మా అమ్మ నాలుగు భాగాలు చేసేది, ఎవరి ఆకలి ఎంతని అడిగేది కాదు. నాకు తెలిసిన న్యాయం అదే. షెడ్డు గుమ్మం పక్కనున్న స్విచ్చుబోర్డు మీద సుద్దతో ఒక పట్టిక గీశాను. పడమటి వరసలో మూడు గుర్రాలు, తూర్పు వరసలో నాలుగు. పదినుంచి పన్నెండు దాకా పడమటి వరస ఫ్యాన్లు, పన్నెండునుంచి రెండుదాకా తూర్పువి, మళ్ళీ రెండు గంటలు పడమటివి, అలా సాయంత్రందాకా. ఎర్రది పడమటి వరసలోది.

వ్యాపారి, ఇది బాగుండాదక్కా అన్నాడు. సిస్టరమ్మ పట్టికలో తన గుర్రం వరస మీద వేలు పెట్టింది.

"అక్కా, పన్నెండు నుంచి రెండుదాకా అంటే నడి ఎండ."

"నేను తడుపుతా ఉంటాలేమ్మా. అరగంటకొకసారి బకెట్టు నీళ్ళు పోస్తాను."

ఆమె సరేనంది. పరాయి చోట గుర్రాన్ని పెట్టుకున్న మనిషి అంతకంటే ఏమంటుంది?

మొదటి వారం నేను మాట తప్పలేదు. రెండో వారంలో అరగంట గంటయింది. గుర్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది కదా అనుకున్నాను.

ఆ రోజు నా భర్త ఇంట్లో లేడు. గుర్రాల కింద పరిచే చెక్కపొట్టు కోసం వేమగల్ వైపు చెక్కపెట్టెలు చేసే ఒక ఫ్యాక్టరీకి టెంపో తీసుకుపోయాడు. పన్నెండుకి నేను పడమటి స్విచ్చులు ఆపి, తూర్పువి వేసి, ఎర్రదాని మీద రెండు బకెట్లు పోశాను. ఇంట్లోకి వచ్చి వంట పనిలో పడ్డాను. ఆ మధ్యలో వ్యాపారి వచ్చాడు, హీటరు కడ్డీ పెట్టుకున్నాడు, స్కూటరు తగిలించాడు, నీళ్ళు కాగేలోగా కునుకు తీద్దామని తోటలో మంచం ఎక్కాడు. రెండింటికి నేను షెడ్డుకు వెళ్ళి స్విచ్చులు మార్చాను. తూర్పువి ఆపి పడమటివి వేశాను. బోర్డు గుమ్మం పక్కనే ఉంది కాబట్టి లోపలికి పోలేదు. ఫ్యాన్లు తిరిగిన చప్పుడు విని వెనక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి గ్రైండరులో దోసెపిండి వేసిన అయిదు నిమిషాలకు అది ఆగింది. వంతులు పెట్టాక ఫ్యూజు పోలేదు కాబట్టి, కరెంటు పోయిందన్నాను మా అత్తతో. ఆ రోజుల్లో కరెంటు పోవడం వింతేమీ కాదు. వసారాలో కూర్చుని ఇద్దరం చింతపండు గింజలు తీశాం. ఎంతసేపు అలా కూర్చున్నామో సరిగా చెప్పలేను, గంటకు తక్కువుండదు. చింతపండు తట్ట సగం దాటింది.

అప్పుడు పక్క పొలంలోంచి మోటారు చప్పుడు వినిపించింది. పైపులోంచి నీళ్ళు తొట్టిలో పడుతున్న చప్పుడు కూడా. కరెంటు లేకపోతే ఆ మోటారు ఎలా తిరుగుతుంది? తట్ట పక్కకు నెట్టి షెడ్డు వైపు పరిగెత్తాను.

ఎర్ర గుర్రం గదిలో తల కిందికి వేలాడేసి నిలబడి ఉంది. ముక్కుపుటాలు ఎర్రగా విచ్చుకున్నాయి. డొక్కలు ఎంత వేగంగా ఎగురుతున్నాయంటే ఊపిరి లెక్క పెట్టలేకపోయాను. మెడ మీద చెయ్యి వేస్తే పొయ్యి మీద నుంచి దించిన గిన్నె తాకినట్టయింది. వెంట్రుక కూడా తడిగా లేదు. నన్ను చూసి ఒక అడుగు వేయబోయి వెనక కాళ్ళు తూలి గోడకు ఆనుకుంది.

నేను అరిచినట్టున్నాను. వ్యాపారి మంచం మీద నుంచి లేచి వచ్చాడు.

"ఏమైందక్కా?"

"నీళ్ళు తేన్నా. సంపులోంచి తోడు."

సంపు నీళ్ళు పైకి పంపే చిన్న మోటారుకి కూడా అదే ఫ్యూజు. చేంతాడు కట్టిన బకెట్టుతో తోడాలి. నడుమునొప్పి మనిషి, ఇస్త్రీ చొక్కాతో ఉన్నవాడు, వెంటనే సంపు మూత ఎత్తి తోడడం మొదలుపెట్టాడు. ఆయన తోడి ఇస్తుంటే నేను మోసి పోశాను. మెడ మీద పోసిన నీళ్ళు పొట్ట కింద నుంచి కారేటప్పటికి వెచ్చగా ఉండేవి. మధ్యలో సిస్టరమ్మకి ఫోను చేశాను. ఆమె ఒకే మాట అడిగింది. "నిలబడుకోని ఉండాదా?" ఉందన్నాను. డాక్టరుకి తాను చెప్తానని పెట్టేసింది.

రెండో ఫోను కరెంటు పనిచేసే పెద్దాయనకి చేశాను. కోలారు బంగారు గనులు మూతపడేదాకా భూమి లోపల ఎలక్ట్రీషియనుగా పనిచేసిన మనిషి. ఇప్పుడు మా దగ్గరి ఊళ్ళో కూతురి ఇంట్లో ఉంటాడు. పట్టుపురుగుల కాలంలో ఈ షెడ్డుకి వైరింగు చేసింది ఆయనే. పది నిమిషాల్లో మోపెడ్ మీద వచ్చాడు. గుర్రం వైపు ఒక్కసారి చూసి నేరుగా ఇంటి గోడ దగ్గరికి పోయి ఫ్యూజు లాగాడు. కాలిన తీగ ముక్కలు కింద పడ్డాయి.

"కరెంటు పోలేదమ్మా. మీరే పోగొట్టుకున్నారు" అన్నాడు.

కొత్త తీగ చుడుతూ షెడ్డు వైపు చేయి చూపి, "ఆ స్కూటరు ఎవరిది?" అన్నాడు.

"నాదే" అన్నాడు వ్యాపారి. చొక్కా పూర్తిగా తడిసిపోయి ఉంది.

"ముందు అది పీకెయ్ సామీ. బకెట్లో ఆ కడ్డీ కూడా."

వ్యాపారి రెండూ పీకేశాడు. నేను గ్రైండరు తీసేసి వచ్చాను. ఫ్యాను తిరిగింది. ఇంకో రెండు గదుల ముందున్న ఫ్యాన్లు తెచ్చి ఎర్రదాని వైపే పెట్టాం. తడిపిన గోనెసంచి ఒకటి చేతపట్టి వ్యాపారి అవతలి పక్క నుంచి విసురుతూ నిలబడ్డాడు. డాక్టరు వచ్చి జ్వరం చూస్తే నూటఆరు దాటి ఉంది. కారే నీళ్ళు చల్లగా తగిలేదాకా పోస్తూనే ఉండమని చెప్పి, మెడ నరానికి సెలైను ఎక్కించాడు.

సిస్టరమ్మ యూనిఫారంలోనే ఆటోలో వచ్చింది. గుర్రం మూతి పట్టుకుని చిగుళ్ళు చూసింది, నాడి చూసింది, తర్వాత పక్కన నిలబడి తనూ నీళ్ళు పోసింది. ఒక గంట గడిచాక గుర్రం తల పైకెత్తి బకెట్లో మూతి పెట్టి నీళ్ళు తాగింది. తాగే చప్పుడు విని వ్యాపారి గోనెసంచి కింద పడేసి అక్కడే కూర్చుండిపోయాడు.

డాక్టరు వెళ్ళాక నేను ఆమె దగ్గరికి పోయాను. జరిగినదంతా దాచకుండా చెప్పాను. పన్నెండుకి ఒక్కసారే తడిపినాను, కరెంటు పోయిందనుకున్నాను, రెండింటికి వచ్చి కూడా లోపలికి చూడలేదు అని. ఆమె గుర్రం మెడ మీద చేయి తియ్యకుండానే విన్నది.

"నువ్వు బోర్డు చూసినావక్కా. గుర్రాన్ని చూడలేదు" అంది.

గొంతు పెంచలేదు. ఆ రోజు తర్వాత చాలా రోజులు ఆమె నాతో అవసరమైనంతే మాట్లాడింది. పొద్దున వచ్చేది, మధ్యాహ్నం భోజనం వేళ ఆటోలో మళ్ళీ వచ్చి చూసుకునేది. ఇంట్లోకి పిలిస్తే పనుందనేది. నేను తడుపుతానంటే వద్దనేది కాదు, కానీ నేను పోశాక ఆమె ఇంకొక బకెట్టు పోసేది. అది నన్ను లోపల కోసేది.

వచ్చిన ఆదివారం పెద్దాయనను పిలిచి అందరినీ ఉండమన్నాను. ఆయన తీగ చుట్టూ కొక్కెంలా పట్టుకునే ఒక మీటరు తెచ్చాడు. షెడ్డులో, ఇంట్లో ఉన్నవన్నీ ఆపించి, ఒక్కొక్కటే వేయించి, ఏది ఎంత లాగుతుందో మీటరులో చూసి, దాని మీదే సుద్దతో అంకె రాశాడు. నీలం దీపాలకు చిన్న అంకెలు. ఫ్యాన్లకు కొంచెం పెద్దవి. హీటరు కడ్డీ ఒక్కటే షెడ్డులో ఫ్యాన్లన్నీ కలిపినదానికంటే ఎక్కువ లాగింది. అందరూ వ్యాపారి వైపు చూశారు.

"ఇంగ ఇంట్లోవి చూస్తాం" అన్నాడు పెద్దాయన.

గడ్డి కోసే మిషను వేయించాడు. నేను రోజూ మధ్యాహ్నం వంట పని అయ్యాక దాన్ని నడిపేదాన్ని. మీటరు చూసి ఆయన దాని మీద రాసిన అంకె హీటరు కడ్డీ అంకెకు అటూ ఇటూగా ఉంది. గ్రైండరు మీద, ఇంట్లో పాల ఫ్రిజ్జు మీద కూడా అంకెలు పడ్డాయి. ఇప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు, చూస్తే బాగుండేది. నేను గీసిన పట్టికలో ఏడు గుర్రాలున్నాయి గానీ నా ఇంటి సామాను ఒక్కటీ లేదు. అందరికీ సమానం అన్నప్పుడు ఆ అందరిలో నన్ను నేను కలుపుకోలేదు. కావాలని చేయలేదు, తోచలేదంతే.

"అన్నా, ఇప్పుడు ఎట్లా పంచుకోవాల?" అని అడిగాను పెద్దాయనను.

ఆయన మీటరును సంచిలో పెట్టుకున్నాడు. "పంచేది నాకు తెలీదమ్మా. మా గనిలో ఏం చేస్తా ఉండినామో అది చెప్తా. కరెంటు తక్కువైనప్పుడు అందరికీ రొంత రొంత ఇచ్చేది లేదు. ముందు కిందికి గాలి తోలే ఫ్యాను. తర్వాత మనుషుల్ని పైకి లాగే ఇనపబోను, కేజి అంటాం దాన్ని. తర్వాత నీళ్ళు తోడే పంపు. పైన ఆఫీసులో ఆఫీసరు నెత్తిమీద తిరిగే ఫ్యాను అన్నిటికన్నా కడాన. ఇది ఆగితే ఎవురైనా సచ్చిపోతారా అని అడుగుతాం. ఎవురూ చావరంటే అది కడాన."

వ్యాపారి గడ్డం గోక్కున్నాడు. "అంటే ఎర్రదానిది మొదలు అంటా ఉండావు."

"నేను గుర్రాల సంగతి చెప్పలేదు సామీ. అది మీరే చెప్పాల."

"నేనుగూడా అందరి మాదిరే గదప్పా ఈడ గుర్రాల్ని పెట్టుకోని ఉండేది. నా పిల్లలకి తక్కువ ఏమిటికి కావాల?"

అప్పుడు సిస్టరమ్మ కల్పించుకుంది. "నా గుర్రం కోసరం మీరందరూ తగవులాడుకోవద్దు. నేను వేరే చోటు చూసుకుంటాను. ఈ ఎండలు పోనీండి" అంది.

వ్యాపారి ఆమె వైపు చూడకుండా నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "యాడికి పోతావమ్మా. ఆ పొద్దు దాని డొక్కలు ఎగిరేది చూసినాను నేను. దాన్ని తీసుకోని పొమ్మని నేనన్నానా? నాకు న్యాయంగా ఉండాదా అని అడుగుతా ఉండానంతే. నా కడ్డీ తీసేస్తాను. నీళ్ళు కట్టెలపొయ్యి మీద కాచుకుంటాను. స్కూటరు మాత్రం వదలను, నేనింటికి ఎట్లా పోయేది?"

స్కూటరు మీద అరగంట వాదన జరిగింది. చివరికి కొట్లోనే చార్జి పెట్టుకుని రావడానికి, మరీ అవసరమైతే ఇక్కడ సాయంత్రం అయిదు దాటాక పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. గడ్డి మిషనూ గ్రైండరూ నేను పొద్దున ఎనిమిది లోపలే ముగించాలని నాకు నేనే పెట్టుకున్నాను. ఎర్రదాని ఫ్యానుకీ సంపు మోటారుకీ పెద్దాయన మీటరు దగ్గరి నుంచే వేరే తీగ లాగి, వాటికి విడిగా ఒక ఫ్యూజు పెట్టాడు. ఇక మీదట షెడ్డులో ఎవరు ఏది ఎక్కువ వేసినా వాళ్ళ ఫ్యూజు పోతుంది గానీ ఈ రెండూ ఆగవు. తక్కిన ఆరు గుర్రాలకు ఫ్యాన్లు వంతులవారీగానే. వాటికి ఆ పద్ధతి చాలింది.

వ్యాపారి ఆ తర్వాత కూడా గొణుగుతూనే ఉండేవాడు. ఎర్రదానికి "దొర" అని పేరు పెట్టాడు. షెడ్డులోకి రాగానే "దొరకి గాలి బాగా తగలతా ఉండాదా" అనేవాడు. అయితే ఒక మధ్యాహ్నం స్కూటరు మీద కాళ్ళ దగ్గర గోనెలో చుట్టిన పెద్ద ఐసుగడ్డ పెట్టుకుని వచ్చాడు. మా ఇంట్లో ఫంక్షనుకి తెచ్చినాము, మిగిలిపోయింది, బకెట్లో వెయ్యి అన్నాడు. ఆ ఎండల్లో అలా మూడు నాలుగు సార్లు ఫంక్షన్లు మిగిలాయి. తర్వాతెప్పుడో ఆయన భార్య గుర్రాలను చూడడానికి వచ్చినప్పుడు, మీ ఇంట్లో శుభకార్యాలు బాగా జరిగినట్టున్నాయే అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఈ సంవత్సరం మా ఇంట్లో ఏమీ చేయలేదమ్మా అంది.

ఆషాఢంలో వానలు పడి గాలి చల్లబడింది. ఒకరోజు పొద్దున నేను పేడ ఎత్తుతుంటే సిస్టరమ్మ గదిలోంచి పిలిచింది. ఎర్రదాన్ని అప్పుడే తోటలో రెండు చుట్లు నడిపించి తెచ్చింది. నా చెయ్యి పట్టుకుని గుర్రం చెవి వెనక, జూలు మొదలయ్యే చోట పెట్టింది.

"తగలతా ఉండాదా అక్కా?"

తడి తగిలింది. ఎక్కువేమీ కాదు, తడిగుడ్డ పెట్టి తీసినంత. నీళ్ళేమైనా పోశావా అన్నాను. పోయలేదంది. చెయ్యి వాసన చూసుకుంటే గుర్రం చెమట వాసనే. ఆమె నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. ఆ రోజు ఇంట్లోకి వచ్చి కాఫీ తాగి, మా అత్తకు బీపీ చూసి వెళ్ళింది.

చల్లటి కాలంలో కొంచెం చెమట రావడం, ఎండలు రాగానే మళ్ళీ ఆగిపోవడం, ఇదీ దాని తీరు. మరుసటి ఎండాకాలానికీ ఫ్యాను తిరిగింది, ఈ ఎండాకాలంలోనూ తిరిగింది. ట్రాన్స్‌ఫార్మరు ఇంకా రాలేదు. పొద్దున దోసెపిండి వేసేటప్పుడు నేను షెడ్డులోకి పోయి ఒకసారి దాని మెడ మీద చెయ్యి పెట్టి వస్తాను, మధ్యాహ్నం మూడుసార్లు పోతాను. బోర్డు మీద పట్టిక ఉంది గానీ ఇప్పుడు దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోను.

ఈ సంవత్సరం చైత్రంలో బెంగళూరు నుంచి ఒకాయన కొత్తగా ఒక నల్ల గుర్రాన్ని తెచ్చి పెట్టాడు. నెమ్మదస్తుడు, మర్యాద గలవాడు. వారం తర్వాత, ఒక గుర్రానికి రోజంతా ఫ్యాను, తక్కినవాటికి వంతులా అని అడిగాడు. జరిగినదంతా కూర్చోబెట్టి చెప్పాను. ఓపికగా విన్నాడు.

"అర్థమైందమ్మా. కానీ నా గుర్రానికి జబ్బు లేకపోవడం దాని తప్పు కాదు కదా. అది కూడా ఎండలో ఉంది. ఒక జబ్బు గుర్రం ఉంటే దానికి కావలసింది మీరు అదనంగా ఏర్పాటు చేయాలి గానీ, మిగతావాటి వంతులోంచి తీయకూడదు" అన్నాడు.

అదనంగా ఏర్పాటు చేయడానికి లైనులో లేదు బాబూ అన్నాను. అదీ నిజమే అన్నాడు. పోట్లాడలేదు. నెల చివర తన గుర్రాన్ని వేరేచోటికి మార్చుకున్నాడు. ఆయన మాటకు సరైన బదులేమిటో నేను ఇప్పటికీ చెప్పలేను. తీసుకుపోయిన రోజు ఆ నల్లది వ్యాను ఎక్కనని మొండికేసింది. ఆయన ఎంత లాగినా కదల్లేదు. నేను తవుడు గిన్నె తెచ్చి ముందు నడిచి ఎక్కించాను. ఆయన చేతులు జోడించి, వచ్చే సంవత్సరం మీ లైను సంగతి తేలితే చెప్పండమ్మా, మళ్ళీ తెస్తాను అన్నాడు. చెప్తానన్నాను.